కొలువునకు పోవువేళ కట్టవలసిన బట్ట

మానవునకు కూడు, గుడ్డ, గూడు అను మూడును అత్యవసరములని పెద్దలు చెప్పుదురు. ఈ మూడింటిలో కూడు కడుపులోనికి పోవును. తిన్నదేదో ఇతరులకు తెలియదు. గూడు ఊరిలోనే నిలిచియుండును; పయనమైనవాని వెంట రాదు. గుడ్డ యొక్కటియే మనిషి వెంట నడచుచు, అతడు నోరు తెరువకముందే అతనిని గూర్చి పదిమందికి చెప్పుచుండును. కావుననే ఏ బట్ట కట్టవలెనను ప్రశ్న చూచుటకు చిన్నదైనను, కొన్ని దినములందు అది ధర్మప్రశ్నయై ఇంటి నడుమ కూర్చుండును. ఇంటర్వ్యూకు పోవు దినము అట్టి దినములలో నొకటి.

జహీరాబాదు ప్రాంతములో ఒక వీరశైవ కుటుంబము కలదు. తండ్రి కిరాణా దుకాణము నడుపుచు, పిలిచినవారి యిండ్లలో పూజాదికములు జరిపించుచుండును. కుమారుడు బి.కాం. ముగించి, రెండేండ్లుగా ఉద్యోగమునకై తిరుగుచు, తక్కిన వేళ తండ్రి దుకాణములో కూర్చుండును. ప్రాతఃకాలమున లింగపూజ చేసి, నుదుట విభూతి ధరించి దుకాణము తెరచుట అతనికి చిన్ననాటినుండి అలవాటు. పటాన్‌చెరు దగ్గర నొక మందుల కర్మాగారములో లెక్కలు వ్రాయు పనికి అతనికి పిలుపు వచ్చినది. మరునాడు ఉదయము పది గంటలకు పోవలెను. ఆ రాత్రి ఇంటిలో నలుగురును కూర్చుండి ఆలోచింప మొదలిడిరి.

పట్నమునుండి వచ్చిన మేనమామ కుమారుడు కోటును, టైయును అద్దెకు తెచ్చుకొమ్మనెను. అంతతో ఆగక, "బావా, అది కంపెనీ. నుదురు తెల్లగా కనబడిందంటే పాతకాలపు మనిషివని ఒక్క చూపుతో పక్కన పెడతారు. బస్సు దిగగానే తుడుచుకో. ఉద్యోగం వచ్చినంక ఇంట్లో నీ ఇష్టం" అనెను. తండ్రికి ఈ మాట ముల్లువలె గ్రుచ్చుకొనెను. "తుడుచుకొనే విభూతి పెట్టుకోవడమెందుకు?" అని ఆయన ముఖము త్రిప్పుకొనెను. తల్లి మాత్రము ఏమియు అనక, ఉన్న రెండు చొక్కాలలో తెల్లనిదానిని ఉతికి ఆరవేసి, ఇస్త్రీ చేయుచుండెను. యువకుడు ఎవరికిని సమాధానము చెప్పలేకపోయెను. రెండేండ్ల నిరుద్యోగము గొంతుమీద కాలుపెట్టి నిలిచినప్పుడు ధర్మము పలుకుట సులభము కాదు.

ఈ యువకుని ప్రశ్నను తేలికగా తీసివేయువారు రెండు విధములుగా నున్నారు. "బట్టలో ఏమున్నది? మనసు మంచిదైన చాలును" అనువారు కొందరు. "లోకము వేషమునకే మ్రొక్కును; కావున వేషము వేయుము" అనువారు మరికొందరు. ఇరువురి మాటయందును కొంత నిజము కలదు. కాని ఇరువురును ప్రశ్నను పూర్తిగా చూడలేదు. ఇంటర్వ్యూకు ఏమి ధరింపవలెనను దానిలో మూడు ప్రశ్నలు ముడివడియున్నవి. ఎదుటివారికి మనము చెల్లింపవలసిన మర్యాద ఎంత? మన స్తోమతకు తగినది ఏది? మన నమ్మకమునకు గుర్తైన దానిని ఏమి చేయవలెను? ఈ ముడులను వేరు వేరుగా విప్పిననే దారి కనబడును.

మొదట మర్యాద. శుభ్రమైన బట్ట కట్టుకొని పోవుట ఆడంబరము కాదు. ఎదుటివాని కాలమును, స్థానమును గౌరవించుటకది గుర్తు. శరణులలో మడివాళ మాచయ్య చేసిన కాయకము బట్టలుదుకుటయే. భక్తుల బట్టల మురికి పోగొట్టుటను ఆయన శివపూజకంటె తక్కువగా ఎంచలేదు. జేడర దాసిమయ్య నేతగాడు. బట్ట నేసినవాడును, బట్ట ఉదికినవాడును శరణులలో ముందువరుసను నిలిచిన సంప్రదాయము మనది. అట్టి సంప్రదాయమునకు చెందినవాడు నలిగిన చొక్కాతో, తెగిన గుండీతో పోయి, "నా విద్యను చూడుడు, నా బట్టను చూడకుడు" అనుట న్యాయము కాదు. ఉదికి, ఇస్త్రీ చేసి, గుండీలు సరిచూచి, చెప్పులు తుడిచి పోవుటకు ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును.

మరియు చూపు ఎంత త్వరగా తీర్పు చెప్పునో తెలిసికొనుట మంచిది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో జానీన్ విల్లిస్, అలెగ్జాండర్ టొడొరోవ్ అను పరిశోధకులు ముఖచిత్రములను చూపి చేసిన పరీక్షల ఫలితములను 2006లో ప్రకటించిరి. ఒక సెకనులో పదవవంతు కాలము మాత్రమే ముఖమును చూచినవారు సైతము, ఆ మనిషి నమ్మదగినవాడా, సమర్థుడా అని అభిప్రాయము ఏర్పరచుకొనిరి. ఎంతసేపైనను చూడవచ్చునని విడిచిపెట్టిన వారి అభిప్రాయమును దానికి చాల దగ్గరగానే యుండెను. కాలము పెంచగా పెరిగినది ముఖ్యముగా తమ తీర్పుపై తమకు గల నమ్మకము. ముఖము సంగతి ఇట్లున్న, ముఖము క్రింద నున్న బట్ట సంగతి చెప్పనేల? కావున పట్నపు బావ చెప్పిన భయము వట్టిది కాదు. బట్ట మాటాడును. అయితే మాటాడునది కనుకనే దానికిని సత్యము చెప్పు బాధ్యత కలదు. నోటితో అబద్ధమాడరాదని పిల్లలకు నేర్పు మనము, బట్టతో అబద్ధమాడవచ్చునని నేర్పరాదు.

ఇక స్తోమత మాట. "అరువు సొమ్ము బరువు చేటు" అని మన వారి సామెత. దీనిని బట్టి ఎరువు తెచ్చుకొన్న కోటు అధర్మమని తీర్మానింపరాదు. అన్నగారి చొక్కా తమ్ముడు తొడుగుకొనుట ఇండ్లలో నిత్యము జరుగునదే. చలికి పొరుగింటి కంబళి కప్పుకొన్నవాడు అబద్ధీకుడు కాడు. అబద్ధము బట్టలో లేదు, ఉద్దేశములో నున్నది. చలికో, మర్యాదకో, అచ్చటి పని పద్ధతికో తెచ్చుకొన్నది అవసరము. తనకు లేని సంపదను, తాను పుట్టని వంశమును, తాను తిరుగని లోకమును ఉన్నట్లు నమ్మించుటకు తెచ్చుకొన్నది వంచన. అయిదు వేలు అప్పు చేసి కోటు కుట్టించుకొన్న బీదవాడు ఆ బల్లముందు కూర్చున్నప్పుడు, అడిగిన ప్రశ్నపై మనసు నిలుపలేడు. కోటు చేతులు పొడుగైనవేమో, మెడకు టై బిగిసినదేమో, నెల తిరుగుసరికి వడ్డీ ఎట్లు కట్టవలెనో అని అతని మనసు బట్ట చుట్టే తిరుగును. పైన పటారము లోన లొటారమైనప్పుడు, ఎదుటివారికన్న ముందుగా అది తనకే తెలియును. ఆ తెలిసికొనుటయే గొంతును వణకించును.

పని పద్ధతిని అడిగి తెలిసికొనుటయు అవసరమే. పాఠశాలకు పోవువాని బట్టయు, యంత్రశాలకు పోవువాని బట్టయు ఒకటి కావు. యంత్రముల నడుమ వ్రేలాడు అంగవస్త్రము ప్రాణాపాయము. పాదము కప్పని చెప్పులు కాలికి ప్రమాదము. ఇట్టి చోట పని కోరునట్టి బట్ట కట్టుట కాయకమునకు విధేయత, దానిని దాస్యమనరాదు.

ఇక మూడవది, కఠినమైనది, విభూతి మాట. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను అష్టావరణములలో విభూతి ఒకటి. కావున అది టై వంటి అలంకారము కాదు. ఇష్టము వచ్చినప్పుడు పెట్టి, కష్టము వచ్చినప్పుడు తీయదగినది కాదని తండ్రి వాదము. ఇది బలమైన వాదము. దీనికి బదులు చెప్పువారి వాదమును బలహీనము కాదు. ఇష్టలింగము చొక్కా లోపల, శివదారమున, లింగకాయలో ఎదపై నుండును. దానిని లోకమునకు చూపుమని ఎవరును చెప్పలేదు. అన్నిటికంటె ప్రియమైనది లోపల దాగియుండగా, నుదుటి గీతకై అన్నము పోగొట్టుకొనుట ఏల అని వారందురు. ఇరువురును భక్తులే. కావున తీర్పు భక్తిని బట్టి గాక, సత్యమును బట్టి చేయవలెను.

ఈ సందర్భమున గాంధీగారి జీవితమునుండి ఒక విషయము తలచుకొనదగును. 1893లో ఆయన దక్షిణాఫ్రికాలోని డర్బనునకు చేరిన కొలది దినములకే అచ్చటి న్యాయస్థానమునకు పోయిరి. తలపాగా తీయుమని మేజిస్ట్రేటు ఆజ్ఞాపించెను. ఆయన తీయక బయటికి నడచిరి. దానిని గూర్చి పత్రికలకును వ్రాసిరి. మరుసటి సంవత్సరము, 1894లో, నేటాలు సుప్రీము కోర్టులో న్యాయవాదిగా చేరునప్పుడు ప్రధాన న్యాయమూర్తి అదే తలపాగాను తీయుమనెను. అది న్యాయవాదులందరికిని వర్తించు నియమమనెను. ఈసారి గాంధీగారు తీసివేసిరి. మిత్రులకు అది నచ్చలేదు. కాని తన బలమును పెద్ద పోరాటములకు దాచుకొనవలెనని ఆయన తలంచినట్లు ఆత్మకథలో వ్రాసిరి. ఒకే మనిషి, ఒకే తలపాగా. రెండు సందర్భములలో రెండు నిర్ణయములు. ఇందులో చపలత్వము లేదు. మొదటిసారి ఆ యాజ్ఞలో ఆయనకు కనబడినది తన జాతికి అవమానము. రెండవసారి కనబడినది తాను కోరి చేరుచున్న వృత్తికి గల కట్టుబాటు. అయితే విభూతి తలపాగా వంటి ఆచారమా, అంతకు మించినదా అనునది ఎవరికి వారు తమ గురువు నడిగి తేల్చుకొనవలసిన మాట. ఇందుండి మనము గ్రహింపవలసినది ఒక్కటే: "తీయుము" అను మాట వెనుక నున్నదేమని విచారింపవలెను.

ఆ మందుల కర్మాగారమునే తీసికొందము. మందు తయారగు గదులలోనికి పోవువారు ముఖమునకు పొడి గాని, రంగు గాని పూసికొనరాదు; ఉంగరములు, గాజులు ధరింపరాదు; తలకు టోపి, నోటికి తొడుగు ఉండవలెను. ఒక రేణువు రాలినను అది రోగి నోటిలోనికి పోవు మందులో పడును. అట్టి గదిలోనికి పోవునప్పుడు విభూతిని కడిగికొనవలసివచ్చిన, అది శివునకు ద్రోహము కాదు; తెలియని యెవరో రోగికి చేసిన సేవ. ఆ నియమము అందరికిని ఒక్కటే. దానికి కారణము కలదు. కాని లెక్కల గదిలో కూర్చుండి కాగితములు చూచువాని నుదుట బూడిద యున్నంత మాత్రమున ఏ మందును చెడదు. అచ్చట దానిని తుడువుమని ఎవరును చెప్పలేదు. చెప్పుదురేమో అను భయము మాత్రమే తుడువుమనుచున్నది. కారణము గల నియమమునకు తలవంచుట వినయము. అడుగని దానికి భయపడి తన్నుతాను తుడిచికొనుట వేరు.

దీని రెండవ వైపును చూడవలెను. ఎన్నడును విభూతి ధరింపని యువకుడొకడు, ఇంటర్వ్యూ చేయువారిలో తన మతస్థుడొకడు ఉన్నాడని విని, ఆ దినము మాత్రము మూడు రేఖలు దట్టముగా పెట్టుకొని, లింగకాయను చొక్కాపైకి తీసి పోయినయెడల అది భక్తియగునా? పెట్టుకొన్నవాడు తుడిచికొనుటయు, పెట్టుకొననివాడు పెట్టుకొనుటయు ఒకే నాణెమునకు రెండు ముఖములు. ఒకడు నమ్మకమును దాచి అమ్ముకొనుచున్నాడు. మరియొకడు నమ్మకమును చూపి అమ్ముకొనుచున్నాడు. ఇరువురి చేతను బేరము చేయబడినది ఒక్కటియే.

కావున కొలత యేది? నిన్న ఎట్లుంటివి, రేపు ఎట్లుందువు అనునదే కొలత. ఇంటర్వ్యూనాడు ధరించినది, ఉద్యోగము వచ్చిన తరువాత మొదటి దినమునను, వేయవ దినమునను సిగ్గులేక ధరింపగలిగినదై యుండవలెను. శుభ్రత ఈ కొలతకు నిలుచును. ఏలయన రేపును శుభ్రముగా నుండవచ్చును. మర్యాద నిలుచును. తనదైన సాదా చొక్కా నిలుచును. అప్పు కోటు నిలువదు. ఒక్కనాటి విభూతి నిలువదు. ఒక్కనాటి తుడుపును నిలువదు; ఏలయన ఆ తుడుపు ఒక్కనాటితో పోవునది కాదు.

ఆడపిల్లల విషయములో ఈ ప్రశ్న మరింత బరువైనది. వారు చీర కట్టిన పాతకాలపు మనిషి యందురు. చుడీదారు తొడిగిన మర్యాద చాలదందురు. సాదాగా పోయిన చురుకు లేదందురు. కొంచెము అలంకరించుకొన్న పనికి రాదందురు. మగవానిని ఒకమారు చూచు కన్ను ఆడపిల్లను పదిమార్లు చూచును. అక్కమహాదేవి బట్టనే విడిచి, కేశములే ఆచ్ఛాదనముగా కల్యాణమునకు వచ్చినదని సంప్రదాయము. అనుభవమంటపములో అల్లమప్రభువు ఆమెను పెక్కు ప్రశ్నలడిగెను. ఆ కేశముల కప్పును గూర్చియు అడిగెను. ఆమె తడబడక సమాధానమిచ్చినది. అటుతరువాత మంటపము ఆమెను స్వీకరించినది ఉడుపును బట్టి కాదు, అనుభావమును బట్టి. ఒక విధముగా చూచిన అదియు ఒక ఇంటర్వ్యూయే. అడిగినవాడు అడుగదగినది అడిగెను. సమాధానము విన్నపిమ్మట మరల బట్ట మాట ఎత్తలేదు. నేటి బల్లల వెనుక కూర్చుండువారిలో ఎందరికి ఆ సంస్కారము కలదు?

ఇంతవరకు బట్ట కట్టువాని ధర్మము చెప్పబడినది. చూచువాని ధర్మము చెప్పకున్న విచారము సగమే యగును. బసవపురాణ సంప్రదాయములో ఒక కథ కలదు. బసవన్న ఇంట జంగములకు జరుగు సత్కారమును విని, భక్తులు కాని కొందరు వంకాయలను లింగములవలె గుడ్డలో కట్టుకొని భక్తుల వేషమున వచ్చిరి. బసవన్న వారి వేషమును శంకింపలేదు. నిండు మనసుతో మ్రొక్కెను. ఆ భక్తి బలమున వంకాయలు లింగములైనవి. ఈ కథను మహిమగా మాత్రమే వినువారు కలరు. ఇందులో చూపునకు సంబంధించిన ఉపదేశము కూడ కలదు. చూచువాని దృష్టి పెద్దదైనప్పుడు, ఎదుట నున్నవాడు తన వేషమంత వాడగును. చూచువాని దృష్టి చిన్నదైనప్పుడు, నిజమైన లింగమును వంకాయవలె కనబడును.

కొలువులిచ్చువారు ఈ దృష్టిని నేర్వవలెను. ప్రభుత్వోద్యోగములలో మతము, జాతి, కులము, లింగభేదము, వంశము, జన్మస్థలము, నివాసము అను కారణములచేత మాత్రమే ఎవరినియు వేరుగా చూడరాదని మన రాజ్యాంగపు 16వ అధికరణము శాసించుచున్నది. 2016 జనవరి 1 నుండి కేంద్రప్రభుత్వము గ్రూపు సి, గ్రూపు డి ఉద్యోగములకును, గ్రూపు బి లో గెజిటెడు కాని ఉద్యోగములకును ఇంటర్వ్యూలనే తీసివేసినది. పదినిమిషముల చూపుతో మనిషిని కొలుచుటలో పక్షపాతమునకు చోటు కలదను తలంపు దానికి మూలము. అయినను ప్రైవేటు సంస్థలలోను, పై పదవులకును ఆ చూపు నేటికిని నిలిచియేయున్నది.

ఈ మాట ఇతరులకు మాత్రమే చెప్పినది కాదు. వీరశైవులలో దుకాణములు, కర్మాగారములు గలవారున్నారు. మఠముల యాజమాన్యమున పాఠశాలలు, కళాశాలలు నడచుచున్నవి. అచ్చటికి ఉద్యోగార్థియై వచ్చినవాని నుదుట విభూతి యున్నదా, లేదా అని మొదట చూచు కన్ను, పట్నపు కంపెనీలో విభూతిని చూచి ముఖము చిట్లించు కన్నునకు తోబుట్టువే. మన బిడ్డ నుదురు చూచి ఒకడు తిరస్కరించిన బాధపడు మనము, పరుల బిడ్డ నుదురు చూచి తిరస్కరింపరాదు. పాఠము చెప్పుటకు వచ్చినవానిని పాఠమునందే పరీక్షింపవలెను. కుల భేదమును, వృత్తి భేదమును చూడక అన్ని కాయకములవారిని ఒకే మంటపమున కూర్చుండబెట్టిన బసవన్న పేరు చెప్పుకొనువారికి ఇది కనీస ధర్మము.

ఇక జహీరాబాదు ప్రాంతపు ఆ ఇంటికి మరలి పోవుదము. రాత్రి పొద్దుపోయినది. తండ్రియు, మేనల్లుడును ఎవరి మాటపై వారుండిరి. ఇస్త్రీ ముగించిన తల్లి చొక్కాను మడిచి కుమారుని చేతికిచ్చుచు, ఒక్క మాట అడిగెను: "రేపు తుడుస్తావు బిడ్డా, సరే. నౌకరి వచ్చినంక? దినాం తుడవాలె గదా?"

ఆ ప్రశ్నకు బావ వద్దను సమాధానము లేకపోయెను. తల్లి పిడివాదము చేయలేదు; శాస్త్రము చెప్పలేదు; కొడుకు ఉద్యోగము పోవలెనని కోరలేదు. ఒక దినపు అబద్ధము ఎన్ని దినముల అద్దె అడుగునో లెక్కవేసి చూపినది, అంతే. లెక్కల పనికి పోవువానికి ఆ లెక్క బాగుగనే అర్థమైనది.

తెల్లవారి యువకుడు ఎప్పటివలెనే పూజ చేసికొని, ఎప్పటివలెనే పలుచగా విభూతి ధరించెను. ఎక్కువయు లేదు, తక్కువయు లేదు. తెల్లచొక్కా, నల్లప్యాంటు, తుడిచిన బూట్లు, కోటు లేదు. వాకిట తండ్రి, "మందుల గదిలోనికి పొమ్మని, ముఖం కడుక్కొమ్మంటే కడుక్కో నాయనా, అది పని. ఊరకే అంటే మాత్రం ఎందుకని మర్యాదగా అడుగు" అని చెప్పి పంపెను. రాత్రి ముఖము త్రిప్పుకొన్నవాని నోట ఈ మాట వచ్చుట గమనింపదగినది.

లోపల ముగ్గురు కూర్చుండిరి. జమాఖర్చులను గూర్చి, సరుకు నిలువల లెక్కను గూర్చి అడిగిరి. కొన్నింటికి అతడు చక్కగా చెప్పెను, ఒకదానికి తెలియదనెను. నుదుటి మాట ఎవరును ఎత్తలేదు. ఎత్తకపోవుట సహనమో, మనసులోని తీర్పో చెప్పుట ఎవరి తరము? ఫలితము పదిదినములలో తెలుపుదుమని పంపివేసిరి.

సాయంకాలము బస్సు దిగి అతడు సరాసరి దుకాణమునకు పోయి, తండ్రిని ఇంటికి పంపి, ఆ చొక్కాతోనే తూకము ముందర కూర్చుండెను. బేరమునకు వచ్చినవారిలో ఎవరికిని అతడు కొత్తగా కనబడలేదు. ఉద్యోగము వచ్చినను, రాకున్నను, వచ్చిన వేషము మార్చుకొను పని అతనికి లేకపోయెను. బట్ట ఇచ్చు శాంతులలో ఇంతకంటె పెద్దది లేదు.

పిల్లలను కొలువులకు పంపు తలిదండ్రులు బట్టను ఉదికి ఇత్తురుగాక, భయమును కాదు. కొలువులిచ్చు పెద్దలు బట్టను దాటి మనిషిని చూతురుగాక. శరణు శరణార్థి.